66 కొట్టినవాడు ఓడాడు, 73 కొట్టినవాడు గెలిచాడు

2025 ఏప్రిల్ 13, ఆదివారం సాయంత్రం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్‌లో మాస్టర్స్ టోర్నమెంట్ నాలుగు రోజుల ఆట ముగిసింది. లీడర్‌బోర్డ్ మీద ఇద్దరి పేర్ల ఎదుట ఒకే అంకె నిలిచింది: 277. ఒకరు ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన రోరీ మెకిల్‌రాయ్, రెండోవారు ఇంగ్లండ్ ఆటగాడు జస్టిన్ రోజ్. ఆఖరి రౌండ్‌లో రోజ్ 66 కొట్టాడు. మెకిల్‌రాయ్ 73 కొట్టాడు. గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచిది కాబట్టి ఆ పూట ఎవరు బాగా ఆడారో వేరే చెప్పక్కర్లేదు. అయినా కాసేపటికి, ప్లేఆఫ్ అనే అదనపు ఆటలో గెలిచి, విజేతకిచ్చే ఆకుపచ్చ కోటు తొడుక్కున్నది మెకిల్‌రాయ్.

ఆ ఆదివారం గురించి చాలామంది చెప్పుకున్నది ఒకే కథ: పదకొండేళ్ల నిరీక్షణ, కన్నీళ్లు, కెరీర్ గ్రాండ్ స్లామ్ (ఈ ఆటలోని నాలుగు పెద్ద టోర్నమెంట్లూ గెలవడం). అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ కథ ఒక్కటే వింటే ఈ ఫలితం ఎలా వచ్చిందో మాత్రం అర్థం కాదు. అది తెలియాలంటే ఇద్దరి స్కోరుకార్డులు పక్కపక్కన పెట్టి చూడాలి.

గురువారం రోజ్ 65, మెకిల్‌రాయ్ 72. శుక్రవారం రోజ్ 71, మెకిల్‌రాయ్ 66. శనివారం రోజ్ 75, మెకిల్‌రాయ్ 66. ఆదివారం రోజ్ 66, మెకిల్‌రాయ్ 73.

ఇప్పుడు రోజువారీ తేడా చూడండి. మొదటి రోజు రోజ్ ఏడు దెబ్బలు మెరుగు. రెండో రోజు మెకిల్‌రాయ్ ఐదు మెరుగు. మూడో రోజు మెకిల్‌రాయ్ తొమ్మిది మెరుగు. నాలుగో రోజు మళ్లీ రోజ్ ఏడు మెరుగు. ఏడూ ఏడూ పద్నాలుగు, ఐదూ తొమ్మిదీ పద్నాలుగు. ఒక్క రోజు కూడా ఇద్దరూ దగ్గరదగ్గరగా ఆడలేదు. తక్కెడ ఒకసారి అటు, ఒకసారి ఇటు పూర్తిగా ఒరిగిపోతూ వచ్చి చివరికి ముల్లు సరిగ్గా నడిమధ్యన ఆగింది. సమానంగా ముగిసిన టోర్నమెంట్లు చాలానే ఉంటాయి గానీ ఇంత ఎగుడుదిగుడు దారిలో వచ్చి సమానమైనవి అరుదు.

గోల్ఫ్ కొత్తగా చూస్తున్నవారికి ఒక మాట. అగస్టా కోర్సులో 18 హోల్స్ ఉంటాయి. ఒక్కో హోల్‌కీ ఇన్ని దెబ్బల్లో ముగించాలని ఒక లెక్క ఉంటుంది, దాన్నే పార్ అంటారు. అన్నీ కలిపితే అగస్టా పార్ 72. నాలుగు రోజులకు 288. ఒక హోల్‌ను పార్ కంటే ఒక దెబ్బ తక్కువలో ముగిస్తే బర్డీ, రెండు తక్కువలో అయితే ఈగల్. ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. 277 అంటే పార్ కంటే 11 తక్కువ. అందుకే లీడర్‌బోర్డ్ మీద దాన్ని మైనస్ 11 అని రాస్తారు.

మెకిల్‌రాయ్ మైనస్ 11ని విడదీస్తే అసలు విషయం బయటపడుతుంది. వారమంతా కలిపి అతను 18 బర్డీలు, 3 ఈగల్స్ సాధించాడు. అంటే పార్ మీద 24 దెబ్బలు సంపాదించాడు. అదే వారంలో 5 బోగీలు, 4 డబుల్ బోగీలు చేసి 13 పోగొట్టుకున్నాడు. మిగిలింది 11. నాలుగు డబుల్ బోగీలు చేసి మాస్టర్స్ గెలిచినవాడు అంతకుముందు ఒక్కడూ లేడు. పెద్ద టోర్నమెంట్ గెలవాలంటే పెద్ద తప్పులు చేయకూడదన్నది ఈ ఆటలో పాత సూత్రం. తప్పులు చేసినా ఆ నష్టం పూడ్చుకుని ఇంకా మిగిలేంత సంపాదిస్తే చాలని ఈ కార్డు చూపించింది. అయితే ఇది అందరికీ చెల్లే పద్ధతి కాదు. అంత దూరం కొట్టగలిగే బలం, ఐరన్ అనే లోహపు క్లబ్బుతో కొట్టే షాట్లలో అంత నైపుణ్యం ఉన్నవాడికే కుదురుతుంది.

ఈ లెక్కకు కోర్సు కూడా సహకరించాలి. అగస్టా సహకరిస్తుంది. అక్కడ నాలుగు పార్ 5 హోల్స్ ఉన్నాయి: 2, 8, 13, 15. వాటిలో 13, 15 రెండింటికీ గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) ముందు నీళ్లుంటాయి. రెండో దెబ్బతోనే గ్రీన్ చేరాలని తెగించినవాడికి ఈగల్ దక్కవచ్చు. బంతి కాస్త అటూ ఇటూ అయితే నీళ్లపాలు. ఈ రెండు హోల్స్‌లో మెకిల్‌రాయ్ వారం ఎలా గడిచిందో చూస్తే మొత్తం టోర్నమెంట్ చూసినట్టే. 13వ హోల్‌లో నాలుగు రోజులూ వరసగా బర్డీ, ఈగల్, బర్డీ, డబుల్ బోగీ. 15వ హోల్‌లో డబుల్ బోగీ, బర్డీ, ఈగల్, బర్డీ. ఒకచోట చివర్లో చెయ్యి కాలింది, మరోచోట మొదట్లోనే కాలింది. రెండు చోట్లా నికరంగా మిగిలింది మైనస్ 2.

గురువారం నాటి డబుల్ బోగీలు చాలామంది మరిచిపోయారు. నిజానికి వాటి బరువు తక్కువేమీ కాదు. ఆ రోజు 14 హోల్స్ అయ్యేసరికి మెకిల్‌రాయ్ మైనస్ 4తో హాయిగా ఉన్నాడు. 15లో రెండో దెబ్బ గ్రీన్ దాటి వెనక్కి పోయింది. అక్కడి నుంచి మెల్లగా తట్టిన బంతి గ్రీన్ మీద ఆగకుండా అవతలి వాలులో దొర్లి ముందున్న కొలనులో పడింది. డబుల్ బోగీ. 17లో గ్రీన్ మీద మూడు పుట్‌లు (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బలు) పట్టాయి, అక్కడా డబుల్ బోగీ. గంట లోపే సంపాదనంతా కరిగి 72 దగ్గర ఆగాడు. అప్పటికే రోజ్ 65తో ఏడు దెబ్బలు ముందున్నాడు. మాస్టర్స్‌లో మొదటి రౌండ్ తర్వాత ఆధిక్యంలో నిలవడం రోజ్‌కు అది ఐదోసారి. ఆ ఘనత అన్నిసార్లు ఎవరికీ దక్కలేదు. ఐదుసార్లూ చివరికి కోటు మాత్రం వేరొకరికే దక్కింది.

శుక్రవారం మెకిల్‌రాయ్ ఒక్క బోగీ కూడా లేకుండా 66 కొట్టాడు. తొలి తొమ్మిది హోల్స్ మామూలుగానే గడిచాయి. తర్వాతి తొమ్మిదిని 31 దెబ్బల్లో ముగించాడు. 13లో టీ షాట్ (హోల్ మొదటి దెబ్బ) దారి తప్పి చెట్ల కింద రాలిన పైన్ ఆకుల మీద పడింది. అక్కడి నుంచి కాలువ దాటించి గ్రీన్ మీద వేసి ఈగల్ చేశాడు. ముందురోజు నీళ్లలో బంతి పోగొట్టుకున్నవాడు మర్నాడు మళ్లీ నీళ్ల మీదుగా కొట్టడానికి వెనకాడలేదు. ఈ టోర్నమెంట్ మలుపు ఎక్కడుందంటే అందరూ ఆదివారం వైపు వేలు చూపిస్తారు గానీ, మెకిల్‌రాయ్ పోటీలోకి తిరిగి వచ్చింది ఈ శుక్రవారమే.

అదే రోజు సాయంత్రం కట్ పడింది. మాస్టర్స్ నియమం ప్రకారం రెండు రౌండ్ల తర్వాత తొలి 50 స్థానాల్లో ఉన్నవారూ వారితో సమానంగా ఉన్నవారూ మాత్రమే వారాంతం ఆడతారు. 95 మందితో మొదలైన పోటీలో ప్లస్ 2 దగ్గర గీత పడింది. 1985, 1993లలో ఇక్కడ గెలిచిన జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ 67 ఏళ్ల వయసులో తన ఆఖరి మాస్టర్స్ ఆడుతూ ఒక్క దెబ్బ తేడాతో ఆగిపోయాడు. కోర్సు పొడవు 7,555 గజాలు. ఆ వయసులో ఆ పొడవు మీద ప్లస్ 3 కొట్టడం ఏమంత చిన్న విషయం కాదు.

శనివారం మెకిల్‌రాయ్ ఆరంభం మాస్టర్స్ చరిత్రలోనే కొత్తది. మొదటి ఆరు హోల్స్‌లోనూ స్కోరు 3. ఒకటో హోల్ పార్ 4, అక్కడ బర్డీ. రెండోది పార్ 5, గ్రీన్ బయటి నుంచి తట్టిన బంతి నేరుగా హోల్‌లో పడి ఈగల్. మూడులో బర్డీ, నాలుగు పార్ 3 కాబట్టి అక్కడ పార్, ఐదులో బర్డీ, ఆరులో పార్. అలా వరసగా ఆరు మూళ్లతో రౌండ్ మొదలుపెట్టినవారు మాస్టర్స్‌లో అంతకుముందు లేరు. తర్వాత 8, 10 హోల్స్‌లో బోగీలు వచ్చినా 13లో బర్డీ, 15లో ఈగల్ కలిసి రెండోసారి 66 అయింది. మైనస్ 12తో ఒంటరిగా ముందుకు వచ్చాడు. రెండు దెబ్బలు వెనక అమెరికా ఆటగాడు బ్రైసన్ డిషాంబో.

అదే శనివారం రోజ్ 75 కొట్టాడు. శుక్రవారం మైనస్ 8తో ముందున్నవాడు మైనస్ 5కి జారిపోయాడు. మెకిల్‌రాయ్‌తో పోలిస్తే ఒక్క రోజులో తొమ్మిది దెబ్బల తేడా. రోజ్ మాస్టర్స్ పోగొట్టుకున్నది ప్లేఆఫ్‌లో అని రికార్డు చెబుతుంది. కార్డు మాత్రం శనివారాన్ని చూపిస్తుంది. గోల్ఫ్‌లో గురువారం దెబ్బకూ ఆదివారం దెబ్బకూ ఒకే విలువ. ఆదివారం టెన్షన్ ఎక్కువ, చూసేవాళ్లు ఎక్కువ, గుర్తుండేది ఎక్కువ. లెక్కలో మాత్రం అన్నీ ఒకటే. రోజ్ శనివారం 74 కొట్టి ఉంటే ప్లేఆఫే ఉండేది కాదు.

ఆదివారం ఆఖరి జోడీ మెకిల్‌రాయ్, డిషాంబో. ఆ జోడీకి ఒక పాత బాకీ ఉంది. 2024 జూన్‌లో పైన్‌హర్స్ట్‌లో జరిగిన యు.ఎస్. ఓపెన్‌లో మెకిల్‌రాయ్ 16, 18 హోల్స్‌లో నాలుగడుగులు కూడా లేని పుట్‌లు రెండు వదిలేసి ఒక్క దెబ్బ తేడాతో డిషాంబో చేతిలో ఓడాడు. అంతకు ముందు ఏడాది యు.ఎస్. ఓపెన్‌లోనూ ఒక్క దెబ్బ తేడాతోనే విండమ్ క్లార్క్ వెనక నిలిచాడు. అగస్టాలోనే 2011లో, 21 ఏళ్ల వయసులో, నాలుగు దెబ్బల ఆధిక్యంతో ఆఖరి రౌండ్ మొదలుపెట్టి 80 కొట్టాడు. పదో హోల్ టీ షాట్ చెట్టుకు తగిలి అతిథుల కాటేజీల మధ్యకు పోయింది. అక్కడ మొదలైన పతనం చివరిదాకా ఆగలేదు. నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోవడం ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

పాత భయాలన్నీ ఒకటో హోల్‌లోనే లేచొచ్చాయి. టీ షాట్ బంకర్‌లో (ఇసుక గుంటలో) పడింది, గ్రీన్ మీద మూడు పుట్‌లు పట్టాయి, డబుల్ బోగీ. రెండు దెబ్బల ఆధిక్యం ఒక్క హోల్‌తో హరించుకుపోయింది. రెండో హోల్‌లో డిషాంబో బర్డీ చేసి ముందుకు వెళ్లిపోయాడు. అక్కడితో కథ ముగిసిందనుకున్నవాళ్లు ఎందరో. కానీ 3, 4 హోల్స్‌లో మెకిల్‌రాయ్ వరసగా బర్డీలు చేశాడు, డిషాంబో రెంటిలోనూ బోగీ చేశాడు. రెండు హోల్స్‌లో నాలుగు దెబ్బలు అటునుంచి ఇటు మారాయి. 9, 10లలో ఇంకో రెండు బర్డీలతో మెకిల్‌రాయ్ మైనస్ 14కి చేరాడు. 11లో డిషాంబో బంతిని నీళ్లలో వేసి డబుల్ బోగీ చేయడంతో అతని కథ ముగిసింది. అతను 75 కొట్టి మైనస్ 7తో దక్షిణ కొరియా ఆటగాడు సంగ్‌జే ఇమ్‌తో కలిసి ఐదో స్థానంలో ఆగాడు.

ఇక 13వ హోల్. ఆ వారం మొత్తంలో నింపాదిగా, ఒక్కో అడుగూ గమనించి చూడాల్సిన చోటు ఇదే.

మెకిల్‌రాయ్ నాలుగు దెబ్బలు ముందున్నాడు. తెగించాల్సిన అవసరం లేదు. టీ నుంచి, ఎక్కువ దూరం కొట్టే డ్రైవర్ అనే క్లబ్బు పక్కన పెట్టి అంతకంటే అదుపు ఉండే త్రీ వుడ్ తీశాడు. రెండో దెబ్బకు గ్రీన్ జోలికి పోకుండా కాలువకు ఇవతలే, వెడ్జ్ (దగ్గరి దూరాలకు వాడే క్లబ్బు) షాట్‌కు అనువైన దూరంలో బంతిని ఆపాడు. దీన్నే లే అప్ అంటారు. గ్రీన్ కుడివైపు వాలు కింద కాలువ ఉంది, ఎడమవైపు కావలసినంత చోటు ఉంది. వంద గజాల లోపు వెడ్జ్ షాట్. అతని స్థాయి ఆటగాడు సాధనలో కళ్లు మూసుకుని కొట్టే దెబ్బ. ఆ దెబ్బే కుడికి జారింది. బంతి గట్టున పడి కాలువలోకి దొర్లింది. మెకిల్‌రాయ్ వంగి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. స్కోరు 7.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ వారం అదే హోల్‌లో చెట్ల కింద నుంచి తెగించి కొట్టినప్పుడు ఈగల్ వచ్చింది. జాగ్రత్తపడి ఆడినప్పుడు డబుల్ బోగీ వచ్చింది. దీన్ని చూపించి లే అప్ తప్పు నిర్ణయం అన్నవాళ్లున్నారు. అది సరైన మాట కాదు. నాలుగు దెబ్బల ఆధిక్యంలో ఎవరైనా తీసుకునే నిర్ణయమే అతనూ తీసుకున్నాడు. తప్పు ఆలోచనలో లేదు, మూడో దెబ్బలో ఉంది. నిర్ణయాన్నీ దాని ఫలితాన్నీ ఒకే గాటన కట్టేస్తే ఈ ఆటలో ఏ విశ్లేషణా నిలవదు.

11లో బోగీ, 13లో డబుల్ బోగీ, 14లో మళ్లీ బోగీ. నాలుగు హోల్స్‌లో నాలుగు దెబ్బలు పోయాయి, మైనస్ 14 కాస్తా మైనస్ 10 అయింది. ముందు వెళ్తున్న రోజ్ అప్పటికి బర్డీ మీద బర్డీ చేస్తున్నాడు. అగస్టాలో ప్రేక్షకులకు ఫోన్లు తేవడానికి అనుమతి లేదు. అంకెలు మనుషులు చేత్తో మార్చే పెద్ద బోర్డుల మీదే తెలుస్తాయి. ఒక పలక తీసి ఇంకోటి పెట్టగానే ఆ మూల నుంచి లేచే కేక గానీ నిట్టూర్పు గానీ చెట్ల మధ్య నుంచి కోర్సంతా పాకుతుంది. ఆటగాళ్లకు వార్త అలాగే అందుతుంది.

అక్కడి నుంచి మెకిల్‌రాయ్ కొట్టిన రెండు దెబ్బలే అతన్ని నిలబెట్టాయి. 15లో చెట్లు అడ్డొచ్చే చోటు నుంచి సెవెన్ ఐరన్‌తో బంతిని కుడి నుంచి ఎడమకు బాగా వంచి, కొలను దాటించి, హోల్‌కు ఆరడుగుల దగ్గర ఆపాడు. ఈగల్ పుట్ తప్పింది గానీ బర్డీ దక్కింది. 17లో ఎయిట్ ఐరన్ దెబ్బ హోల్‌కు రెండడుగుల దగ్గర ఆగింది, ఇంకో బర్డీ. మళ్లీ మైనస్ 12.

రోజ్ 17లో బోగీ చేసినా 18లో దాదాపు 20 అడుగుల పుట్ వేసి మైనస్ 11తో ముగించాడు. ఆ రౌండ్‌లో 10 బర్డీలు, 4 బోగీలు ఉన్నాయి. 44 ఏళ్ల వయసులో, ఏడు దెబ్బలు వెనక నుంచి మొదలుపెట్టి, మాస్టర్స్ ఆఖరి రోజున పది బర్డీలు. గెలిచి ఉంటే ఆ రౌండ్‌ను తరతరాలు చెప్పుకునేవారు. ఓడినవాడిది కావడంతో దానికి దక్కాల్సిన పేరు దక్కలేదు. ఆ ఆదివారం అగస్టాలో అన్నిటికంటే గొప్ప ఆట అదే.

మెకిల్‌రాయ్‌కు 18లో పార్ చేస్తే చాలు. టీ నుంచి కొట్టిన డ్రైవ్ చక్కగా పడింది. గ్రీన్‌కు సుమారు 125 గజాలు. చేతిలో గ్యాప్ వెడ్జ్. బంతి కుడివైపు బంకర్‌లో పడింది. ఇసుకలోంచి తీసి ఐదడుగుల దూరానికి తెచ్చాడు. ఆ పుట్ తప్పింది. బోగీ, మైనస్ 11, 277. స్కోరుకార్డు మీద సంతకం చేసి మళ్లీ 18వ టీకి వెళ్తుండగా క్యాడీ (క్లబ్బుల సంచి మోసే సహాయకుడు) హ్యారీ డైమండ్ ఒక మాట అన్నాడు. డైమండ్ అతనికి చిన్ననాటి స్నేహితుడు. సోమవారం ఉదయం ఎవరైనా ఈ స్థితి ఇస్తామంటే కళ్లకద్దుకుని తీసుకునేవాళ్లమే కదా అని ఆ మాట సారాంశం. ఆ మాటతో మనసు కుదుటపడిందని మెకిల్‌రాయ్ తర్వాత చెప్పాడు.

ప్లేఆఫ్ ఎలా ఆడాలన్నది, మేజర్లు అని పిలిచే నాలుగు పెద్ద టోర్నమెంట్లలో ఒక్కో చోట ఒక్కో రకం. యు.ఎస్. ఓపెన్‌లో రెండు హోల్స్ కలిపి లెక్కిస్తారు. పీజీఏ చాంపియన్‌షిప్‌లో మూడు, 2019 నుంచి ది ఓపెన్‌లోనూ మూడు. మాస్టర్స్‌లో మాత్రం సడన్ డెత్: ఏ హోల్‌లో తేడా వస్తే అక్కడే ముగింపు. ఇక్కడ ఈ పద్ధతిని మొదటిసారి వాడింది 1979లో, అప్పుడు ఫజీ జెల్లర్ గెలిచాడు. అంతకుముందు ప్లేఆఫ్ అంటే మర్నాడు పూర్తి రౌండ్. 1935లోనైతే జీన్ సారజెన్, క్రెయిగ్ వుడ్ ఏకంగా 36 హోల్స్ ఆడారు. 72 హోల్స్‌లో ఏ తేడా తేలని ఇద్దరి మధ్య ఒక్క హోల్‌తో తీర్పు చెప్పడం కఠినం. రెండు మూడు హోల్స్ కలిపి లెక్కించే పద్ధతిలో అయితే రోజ్‌కు ఇంకో అవకాశం ఉండేది. చూసేవారికి సడన్ డెత్ ఇచ్చే ఉత్కంఠ మరే పద్ధతీ ఇవ్వదన్నది నిజమే. న్యాయం వైపు నుంచి చూస్తే మాత్రం కనీసం రెండు హోల్స్ ఉండాలి.

ఇద్దరి డ్రైవ్‌లూ ఫెయిర్‌వేలోనే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన పచ్చిక దారిలోనే) పడ్డాయి. ముందు రోజ్ కొట్టాడు. బంతి హోల్‌కు పదిహేను అడుగుల దగ్గర ఆగింది. ఏ ప్లేఆఫ్‌లోనైనా మంచి దెబ్బే అది. తర్వాత మెకిల్‌రాయ్. కొద్దిసేపటి క్రితం బంకర్‌లోకి కొట్టినప్పుడు ఉన్న దూరమే దాదాపు, చేతిలో అదే గ్యాప్ వెడ్జ్. ఈసారి బంతి జెండా దాటి పడి, వాలు పట్టుకుని మెల్లగా వెనక్కి జారి నాలుగడుగుల దగ్గర ఆగింది. రోజ్ పుట్ తప్పింది. మెకిల్‌రాయ్ పుట్ పడింది. అతను పుటర్ వదిలేసి మోకాళ్ల మీద కూలబడి, తల పచ్చికకు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఒకే హోల్, ఒకే క్లబ్బు, ఇంచుమించు ఒకే దూరం. ఒకసారి బంకర్, మరోసారి నాలుగడుగులు. 277ల మధ్య లేని తేడా ఈ రెండు దెబ్బల మధ్య ఉంది, అవి రెండూ ఒకే మనిషివి.

మిగతా ఫలితాల గురించి క్లుప్తంగా. ప్యాట్రిక్ రీడ్ మైనస్ 9తో మూడో స్థానం. ముందు ఏడాది విజేత స్కాటీ షెఫ్లర్ మైనస్ 8తో నాలుగు. స్వీడన్ ఆటగాడు లుడ్విగ్ ఓబెర్గ్ చివర్లో మైనస్ 10 దాకా వచ్చి రేసులో ఉన్నాడు. 17లో బోగీ, 18లో పార్ మీద మూడు ఎక్కువ కొట్టి మైనస్ 6కి పడిపోయాడు. మొత్తం బహుమతి 2.1 కోట్ల డాలర్లు, విజేత వాటా 42 లక్షల డాలర్లు, రెండో స్థానానికి 22.68 లక్షల డాలర్లు.

ఈ ఆటలో నాలుగు మేజర్లూ గెలవడాన్ని కెరీర్ గ్రాండ్ స్లామ్ అంటారు. ఆధునిక కాలంలో దాన్ని పూర్తి చేసినవారు అప్పటికి ఐదుగురే: 1935లో సారజెన్, 1953లో బెన్ హోగన్, 1965లో గ్యారీ ప్లేయర్, 1966లో జాక్ నిక్లాస్, 2000లో టైగర్ వుడ్స్. మెకిల్‌రాయ్ ఆరోవాడు. 2011లో యు.ఎస్. ఓపెన్, 2012లో పీజీఏ, 2014లో ది ఓపెన్, అదే ఏడాది ఆగస్టులో మరోసారి పీజీఏ గెలిచేసరికి అతనికి పాతికేళ్లు. మిగిలింది మాస్టర్స్ ఒక్కటే. 2015 నుంచి ప్రతి ఏప్రిల్‌లోనూ అదే ప్రశ్న అతన్ని వెంటాడింది. పదకొండో ప్రయత్నంలో అందింది.

ఒక్క మేజర్ అందక ఆగిపోయిన మహామహుల జాబితా చూస్తే ఇది ఎంత కష్టమో తెలుస్తుంది. ఆర్నాల్డ్ పామర్, టామ్ వాట్సన్‌లకు పీజీఏ దక్కలేదు. శామ్ స్నీడ్‌కు యు.ఎస్. ఓపెన్ దక్కలేదు. ఫిల్ మికెల్సన్ అదే యు.ఎస్. ఓపెన్‌లో ఆరుసార్లు రెండో స్థానంలో ఆగాడు. చివరి మెట్టు దగ్గర ఆటగాడు కోర్సుతో పాటు తన పాత ఓటములతోనూ ఆడాలి. మెకిల్‌రాయ్ ఒకటో హోల్ డబుల్ బోగీ తర్వాత 3, 4లలో చేసిన బర్డీలను, 14వ హోల్ బోగీ తర్వాత 15లో కొట్టిన ఐరన్‌ను ఈ వెలుగులో చూడాలి. 2011లో ఒక తప్పు పది తప్పులకు దారితీసింది. 2025లో తప్పు జరిగిన ప్రతిసారీ ఒకటి రెండు హోల్స్‌లోనే బదులిచ్చాడు. పదకొండేళ్లలో అతని ఆటలో మారింది ఇదే. స్వింగ్ ఆనాడూ అందమైనదే.

రోజ్ విషయం ఇంకా చెప్పుకోవాలి. 2013 యు.ఎస్. ఓపెన్ విజేత, 2016 రియో ఒలింపిక్స్ స్వర్ణ పతక విజేత. అగస్టాలో 2017లోనూ ఇలాగే ప్లేఆఫ్ ఆడి సెర్జియో గార్సియా చేతిలో ఓడాడు. మాస్టర్స్‌లో రెండుసార్లు ప్లేఆఫ్‌లో ఓడినవారు అతనూ బెన్ హోగన్ మాత్రమే. 2025లో పుట్ తప్పాక అతను చేసిన మొదటి పని, ఏడుస్తున్న మెకిల్‌రాయ్ లేచేదాకా ఆగి దగ్గరికి తీసుకోవడం. ఇద్దరూ, యూరప్, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్‌లో ఏళ్ల తరబడి యూరప్ తరఫున కలిసి ఆడినవారు. అదే ఏడాది సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెత్‌పేజ్ బ్లాక్ కోర్సులో యూరప్ 15–13తో అమెరికాను ఓడించినప్పుడు, మెకిల్‌రాయ్, రోజ్ ఇద్దరూ ఆ గెలిచిన జట్టులోనే ఉన్నారు.